రావలసిన రాజ్యము

కొన్ని మాటల అర్థము మనకు ముందే తెలుసునన్న ధీమావల్లనే వాటిని తెలిసికొనలేకపోవుచున్నాము. క్రైస్తవుల "నిత్యజీవము" అట్టి మాట. "పరలోకరాజ్యము" అంతకన్నను అట్టి మాట. మన ఊళ్ళలో చర్చిగంట వినని వారు తక్కువ. మిషను బడిలోనో కళాశాలలోనో చదువుకొన్న హిందువులు, మహమ్మదీయులు వేలకు వేలు. అయినను ఆ మతము దేనికై ఆశపడుచున్నదని ఒక విద్యార్థిని అడిగినచో, "చనిపోయిన తరువాత స్వర్గమునకు పోవుటకు" అని తడుముకొనకుండ చెప్పును. ఉపాధ్యాయుని అడిగినను తరచుగా అదే జవాబు. ఆ మాటకు వచ్చినచో క్రైస్తవులలో చాలమంది జవాబును అదే. అది పూర్తిగా తప్పు కాదు. కాని అందులో ఒప్పు సగముకన్న తక్కువ. విడిచిపెట్టిన భాగములోనే అసలు సంగతి ఉన్నది.

ముందుగా తెలుగు మాటనే పరిశీలింతము. ఒకరు మరణించినచో "పరలోకగతుడైనాడు" అందుము. పరలోకక్రియలు అనగా ఉత్తరక్రియలే. కనుక తెలుగు చెవికి "పరలోకరాజ్యము" అనునది చనిపోయినవారి రాజ్యముగా వినబడుటలో వింత లేదు. ఈ పదము నాలుగు సువార్తలలో మత్తయి సువార్తకే ప్రత్యేకమైనది. మార్కు, లూకా "దేవుని రాజ్యము" అని వ్రాసిన చోట్లనే మత్తయి "ఆకాశముల రాజ్యము" అని అర్థమిచ్చు గ్రీకు మాటను వాడినాడు. దీనికి పండితులలో అనేకులు చెప్పు కారణము ఇది: యూదులు దేవుని పేరును ఊరక పలుకుటకు జంకెడివారు. మన పాతకాలపు ఇల్లాలు భర్త పేరు పలుకక "మావారు" అన్నట్లే, వారును దేవుడనుటకు బదులు "ఆకాశము" అనెడివారు. అనగా ఆ మాట రాజ్యము ఎక్కడ ఉన్నదో చెప్పుట లేదు, ఎవరిదో చెప్పుచున్నది. పైగా మనము రాజ్యమని అనువదించుకొన్న గ్రీకు పదమైన "బసిలెయా"కు సరిహద్దులుగల దేశమన్న అర్థముకన్న ఏలుబడి అన్న అర్థము ప్రధానము. ఆ చక్కని తెలుగు మాటను మొదటినుండి వాడి ఉన్నచో ఎంత గందరగోళము తప్పెడిదో అని నాకు అప్పుడప్పుడు అనిపించును.

క్రీస్తు తన శిష్యులకు నేర్పిన చిన్న ప్రార్థన ఉన్నది. ప్రపంచములో ఇన్ని భాషలలో, ఇన్ని నోళ్ళలో నిత్యము పలుకబడు ప్రార్థనలు కొద్ది. అందులో రాజ్యమును గూర్చిన కోరిక "మమ్ములను అక్కడికి తీసికొనిపొమ్ము" అని కాదు. ఆ ఏలుబడియే ఇక్కడికి రావలెనని, పైన జరుగుచున్న దేవుని సంకల్పము భూమిమీదను జరుగవలెనని. మనము పోవుట కాదు, అది వచ్చుట. ఆ వెంటనే వచ్చు కోరిక ఏమి? ఆనాటి తిండి. దాని వెంట క్షమాపణను గూర్చిన కోరిక. అక్కడ మత్తయి వాడిన మాటకు అప్పు అనియే అర్థము. తిండి, అప్పు! గలిలయలోని రైతునకు, జాలరికి ప్రతి దినము ఎదురగు సంగతులు ఇవే. మన పల్లెలలోను వేరు కాదు. పరలోక చింతనలో మునిగి భూమిని మరచినవాడు కట్టిన ప్రార్థనవలె ఇది లేదు.

"నిత్యజీవము" సంగతియు ఇంతే. గ్రీకులో దానిని "జోయే అయోనియోస్" అందురు. "అయోన్" అనగా యుగము. ఆనాటి యూదులు కాలమును రెండు యుగములుగా తలచెడివారు. అన్యాయము, రోగము, మరణము రాజ్యమేలు ఈ యుగము ఒకటి. దేవుడే ఏలబోవు రానున్న యుగము మరియొకటి. కనుక ఆ పదమునకు "రానున్న యుగపు జీవము" అన్న ధ్వని ఉన్నది. కేవలము అంతులేని ఆయుర్దాయము అని కాదు. చావులేకుండ ఊరక బ్రతికి ఉండుట వరమో శాపమో చెప్పలేము. ఆ చిక్కు మన అశ్వత్థామ కథ తెలిసినవారికి వివరింపనక్కరలేదు. యోహాను సువార్తలో నిత్యజీవము చావు తరువాత మొదలగునది కాదు. దేవుని ఎరుగుటయే అది అని, నమ్మినవానికి ఇప్పుడే ఆరంభమగునని చెప్పబడినది. రానున్న యుగపు వెలుగు ఈ యుగములోనికి ముందుగా పడుట అన్నమాట.

ఇక పునరుత్థానము. మన విద్యార్థులు ఎక్కువగా పొరబడునది ఇక్కడనే. ఆత్మ చావులేనిది, శరీరము చినిగిన వస్త్రమువంటిది అన్న భావము గీత వలన మనకు చిన్ననాటినుండి పరిచితము. గ్రీసు దేశములో ప్లేటోయు ఇంచుమించు అట్లే చెప్పినాడు. "ఫీడో" అను సంభాషణములో సోక్రటీసు విషము త్రాగబోవు దినమున ఆత్మ నిత్యత్వమును గూర్చి శాంతముగా వాదించును. శరీరము అతనికి చెరసాల, మరణము విడుదల. క్రైస్తవ విశ్వాసము ఇది కాదు. అది మరణమును విడుదల అనదు, శత్రువు అనును. శరీరమునుండి తప్పించుకొనుటను కోరదు, శరీరముతో తిరిగి లేచుటను కోరును. పౌలు ఏథెన్సు నగరములో అరేయొపగు సభయందు మాటలాడినప్పుడు అక్కడి విద్వాంసులు చాలసేపు శ్రద్ధగా విన్నారు. చనిపోయినవారు లేచుటను గూర్చి చెప్పగానే కొందరు నవ్వినారు, మరికొందరు ఇంకొకసారి విందుమని మర్యాదగా తప్పించుకొన్నారు. కొరింథులోని వారికి వ్రాసిన మొదటి పత్రికలో పౌలు దీనికి విత్తనమును ఉపమానముగా తీసికొన్నాడు. భూమిలో వేసినది గింజ, పైకి వచ్చినది పైరు. రెండును వేరు, అయినను ఒకటే. సేద్యము తెలిసిన మన వారికి ఇది నవ్వులాట కాదు.

క్రీ. శ. 381లో కాన్‌స్టాంటినోపిలు సభతో ముడిపడిన విశ్వాస ప్రమాణము మృతుల పునరుత్థానము కొరకు, రానున్న యుగపు జీవము కొరకు ఎదురుచూచుటతోనే ముగియును. ఆత్మ ఎగిరిపోవుటను గూర్చి అందులో ఒక్క మాట లేదు. మోక్షము, పునరుత్థానము — వీటిలో ఏది గొప్పదని తూచుట ఈ వ్యాసము పని కాదు. ఒకటి సంసారచక్రమునుండి జీవునికి విడుదల. రెండవది జీవునితోపాటు ఈ సృష్టికే విడుదల. రెండును వేరని గుర్తించినచో చాలును. రెండింటిని కలిపి "అన్ని మతములు చెప్పునది ఒకటే" అని తరగతిలో దాటవేయుట సౌకర్యమే గాని విద్య కాదు.

ఇప్పుడు అసలు అభియోగమునకు వత్తము. ఈ ఆశ పేదవానిని నిద్రపుచ్చు మందు అని 1844లో కార్లు మార్క్సు ప్రకటించిన వ్యాసము మొదలు ఈనాటివరకు ఒక బలమైన వాదము ఉన్నది. (అదే చోట మతము పీడితుని నిట్టూర్పు అని కూడ అతడు గుర్తించినాడు. అభియోగమును వల్లించువారు ఆ వాక్యమును సాధారణముగా వదలివేయుదురు.) చావు తరువాత సుఖము ఉన్నదని చెప్పి, బ్రతికి ఉన్నప్పటి దుఃఖమును ఓర్చుకొనునట్లు చేయుటయే దీని పని అని వారి మాట. ఈ వాదమును కసరి కొట్టి పారవేయుట న్యాయము కాదు. అది నిజమైన సందర్భములు చరిత్రలో కోకొల్లలు. అమెరికా దక్షిణ రాష్ట్రములలో బానిసలకు చెప్పిన ఉపదేశములలో "యజమానికి లోబడుము, పైలోకమున నీకు ప్రతిఫలమున్నది" అన్నదే పల్లవి. కాని ఒక సాక్ష్యము ఈ వాదమునకు అడ్డుపడుచున్నది. అది ఒక పుస్తకము. ఇంకను సరిగా చెప్పవలెనన్న, ఒక పుస్తకములో లేని పుటలు.

1807లో లండనులో ఒక గ్రంథము అచ్చయినది. దాని పేరును తెలుగున "బ్రిటిషు వెస్టిండీసు దీవులలోని నీగ్రో బానిసల ఉపయోగార్థము ఎంపికచేసిన పరిశుద్ధ గ్రంథ భాగములు" అని చెప్పవచ్చును. బానిసలకు మతబోధ చేయుటకు ఏర్పడిన సంఘమొకటి దానిని వేయించినది. మామూలు ప్రొటెస్టెంటు బైబిలులో 1,189 అధ్యాయములుండగా ఇందులో ఉన్నవి 232 మాత్రమే. ఏవి ఉంచినారో, ఏవి తీసినారో చూచినచో ఎంపిక సూత్రము మనకే తెలియును. ఈజిప్టులో బానిసగా అమ్ముడుపోయి, ఓర్పుతో మెలగి, పైకి వచ్చిన యోసేపు కథ ఉన్నది. అదే ఈజిప్టునుండి బానిసల జాతి మొత్తము విడుదలై వెళ్ళిన నిర్గమకాండపు ఘట్టము లేదు. దాసులు యజమానులకు లోబడవలెనని ఎఫెసీయులకు వ్రాసిన హెచ్చరిక ఉన్నది. క్రీస్తునందు దాసుడని, స్వతంత్రుడని భేదము లేదని గలతీయులకు వ్రాసిన మాట లేదు. ఇక, బైబిలుకు చివరిదైన ప్రకటన గ్రంథము ఆసాంతము లేదు.

ఇక్కడ చదువరి ఒక్క క్షణము ఆగవలెను. ప్రకటన గ్రంథమే గదా నిత్యజీవపు ఆశకు పెన్నిధి! క్రొత్త ఆకాశము, క్రొత్త భూమి, కన్నీరు తుడుచు దేవుడు, మరణము ఇక లేని పట్టణము — ఇవన్నియు ఉన్నది అందులోనే. పరలోకపు ఆశ నిజముగా మత్తుమందే అయినచో, బానిసల చేతిలో ముందుగా పెట్టవలసిన పుస్తకము అది. దానిని ఎందుకు తీసివేసినారు?

ఆ గ్రంథము తెరచినచో కారణము తోచకపోదు. పదునెనిమిదవ అధ్యాయములో బబులోను అను మారుపేరుతో ఒక మహానగరము కూలును. ఆ నగరము రోమాయే అని వ్యాఖ్యాతలలో ఎక్కువమంది అభిప్రాయము. దాని పతనమునకు ఏడ్చువారు వర్తకులు. తమ సరుకు కొనువారు లేరని వారి ఏడుపు. బంగారము, వెండి, ముత్యములు, పట్టు, దంతము, దాల్చినచెక్క, ద్రాక్షారసము, నూనె, గోధుమ, పశువులు, గుఱ్ఱములు అని వరుసగా జాబితా సాగును. జాబితా చివరి సరుకు మనుష్యులు. దేవుని తీర్పు పడినది ఆ వర్తకముమీద. తరువాత ఇరువదియొకటవ అధ్యాయములో క్రొత్త పట్టణము ఆకాశమునుండి భూమికి దిగివచ్చును. గమనింపుడు, మనుష్యులు ఎక్కిపోవుట కాదు, పట్టణము దిగివచ్చుట. చెరకుతోటలో పనిచేయు బానిస ఈ రెండు అధ్యాయములను ఒకదాని వెంట ఒకటి చదివినచో అతనికి నిద్ర వచ్చునా, నిద్ర విడిపోవునా? ఆ సంఘపు పెద్దలలో ఒకడైన లండను బిషపు బీల్బీ పోర్టియసు బానిస వర్తకమును ఖండించినవాడే. వారందరు దుష్టులని చెప్పుట నా ఉద్దేశము కాదు. కాని తోటల యజమానులు అభ్యంతరము చెప్పని పుస్తకము కావలెనన్న తలంపు ఆ ఖాళీలలో స్పష్టముగా కనబడుచున్నది. ఈ ఆశ ఎవరికి అపాయకరమో పండితులకన్న ముందు యజమానులకు తెలిసినది.

ఆ దీవులలోనే తరువాత జరిగినది చూడుడు. 1807లోనే బ్రిటిషు పార్లమెంటు బానిస వర్తకమును నిషేధించినది గాని బానిసత్వము మాత్రము పోలేదు. 1831 క్రిస్మసు దినములలో జమైకాలో బానిసలు కూలి ఇచ్చినగాని పనిచేయమని కదలినారు. వారి నాయకుడు శామ్యూలు షార్పు. అతడును బానిసయే. చదువు వచ్చినవాడు, బాప్తిస్టు సంఘములో బోధకుడు. ప్రార్థన కూటములలోనే అతడు సమ్మెకు ప్రమాణములు చేయించినాడు. అతడు తలపెట్టినది పని మానుట మాత్రమే అయినను అది తిరుగుబాటుగా మారి తోటలు తగులబడినవి. సైన్యము దిగి అణచివేసిన తరువాత మూడువందల మందికి పైగా ఉరిశిక్షలు మొదలగువాటి పాలైనారు. షార్పును 1832 మే నెలలో ఉరితీసినారు. ఆగ్రహించిన తెల్లవారు మిషను ప్రార్థనా మందిరములను పడగొట్టినారు. మత్తుమందు అమ్ము దుకాణములను యజమానులే పడగొట్టుట వింత గదా! మరుసటి సంవత్సరము, 1833లో, పార్లమెంటు బానిసత్వ రద్దు చట్టమును చేసినది. ఆ చట్టమునకు ఆర్థిక కారణములు, రాజకీయ కారణములు వేరుగ ఉన్నవి. కాని జమైకాలో మంట రగిలినది ఏ పొయ్యిలోనో మరువరాదు.

అమెరికాలో బానిసగా పుట్టి తప్పించుకొని, తరువాత గొప్ప వక్తయు పత్రికాధిపతియు అయిన ఫ్రెడరిక్ డగ్లసు 1855లో ప్రకటించిన ఆత్మకథలో ఇట్టిదే ఒక సంగతి వ్రాసినాడు. తాము కనాను దేశమును గూర్చి పాడుకొనుచున్నప్పుడు తమ మనస్సులో ఉన్నది ఉత్తర రాష్ట్రములే అని. వినువారికి అది పరలోకపు పాట, పాడువారికి దారి చెప్పు పాట. ఆ పాటలనే 1871 మొదలు ఫిస్కు విశ్వవిద్యాలయపు విద్యార్థి గాయకులు ఊరూర పాడి తమ విద్యాలయమునకు డబ్బు కూర్చినారు. విడుదలయైన బానిసల బిడ్డల కొరకు పుట్టిన విద్యాలయమది. పైన చెప్పిన 1807 నాటి కత్తిరింపు గ్రంథపు ప్రతులలో నేటికి మిగిలిన బహు కొద్ది ప్రతులలో ఒకటి ఆ విద్యాలయమునకే చెందియున్నది.

మన నేలమీదకూడ ఈ ప్రశ్నకు ఒక సాక్ష్యము ఉన్నది. 1876 మొదలు 1878 వరకు దక్షిణాపథమును పీడించిన కరువులో ఒంగోలు ప్రాంతమున అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకపు పనిని గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి పని కల్పించినాడు. వచ్చినవారిలో మాదిగలు ఎక్కువ. గంజి కొరకు మతము మారినారన్న నింద రాకుండ, కరువు సహాయము సాగినంతకాలము బాప్తిస్మములను నిలిపివేసినాడు. సహాయము ముగిసిన తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందినారు. నింద రానే వచ్చినది, ఈనాటికిని పోలేదు. అయినను నింద వేయువారు అడుగని ప్రశ్న ఒకటి ఉన్నది: వారు విన్నది ఏమి? సువార్తలలో దేవుని రాజ్యమునకు తరచుగా వచ్చు పోలిక విందు. పిలిచిన పెద్దలు రాకపోగా వీధులలోని వారిని, దారులలోని వారిని తెచ్చి కూర్చుండబెట్టిన విందు. ఊరి బావికి పోరాని వానికి, పెండ్లియింట విస్తరి దూరమున పెట్టించుకొనువానికి ఆ పోలిక అలంకారశాస్త్రము కాదు. అది సహపంక్తి. నిత్యజీవమన్న మాటకు మాదిగపల్లెలో కలిగిన అర్థము మా గ్రంథాలయములలోని నిఘంటువులకు అందునది కాదు.

ఇక్కడ మరియొక మాటయు చెప్పక తప్పదు. విందు ఒకటే అని చెప్పిన సంఘములలోనే పంక్తులు వేరైనవి. మాలల చర్చి, మాదిగల చర్చి అను మాటలు ఆంధ్రదేశమున వినని వారెవరు? కొన్నిచోట్ల శ్మశానములును వేరే. పునరుత్థానమున కలిసి లేచువారు పాతిపెట్టబడునప్పుడు కలియరాదన్నమాట! దీనికి తెల్లదొరలను నిందింప పని లేదు, ఇది మన సొంత సంపాదన. ఇక ఈ ఆశను కాలపట్టికగా మార్చుకొన్నవారి సంగతి సరేసరి. 1844 అక్టోబరు 22న క్రీస్తు తిరిగి వచ్చునని అమెరికాలో విలియము మిల్లరు అనుచరులు ఇండ్లలో కనిపెట్టుకొని యుండి నిరాశ చెందినారు. ఆ రోగము క్రొత్తది కాదు. రాజ్యము రేపే వచ్చునని పనిపాటలు మానుకొన్నవారిని పౌలు పేరిట వచ్చిన థెస్సలొనీక పత్రికయే మందలించినది.

ఇంత చెప్పిన తరువాత, "అట్లయిన ఈ రాజ్యము సంఘసంస్కరణకు మరియొక పేరు గదా, పునరుత్థానమెందుకు?" అని తెలివిగల విద్యార్థి అడుగవచ్చును. అడుగవలెను కూడ. నా దృష్టిలో ఈ ఆశకు ఆయువుపట్టు అదే. న్యాయమైన లోకము ఒకనాడు వచ్చునని అనుకొందము. మన మనుమలు అందులో సుఖముగా ఉందురు. మంచిదే. కాని కాలువగట్టున ఆకలితో పడిపోయిన కూలి సంగతి ఏమి? చెరకుతోటలో కొరడాదెబ్బలకు చచ్చిన పిల్లవాని సంగతి ఏమి? 1878కి ముందు దక్షిణ దేశమున లక్షలాది జనము పేరైనను మిగులకుండ పోయినారు. వారి ఎముకలమీద కట్టిన న్యాయమును న్యాయమని పిలువవచ్చునా? ఇహలోకపు ఆదర్శరాజ్యము ఎంత గొప్పదైనను చచ్చినవారికి ఏమియు చేయలేదు. ఆ సంగతిని దానిని కోరువారిలో నిజాయితీపరులు ఒప్పుకొన్నారు. క్రైస్తవ ఆశ ఒప్పుకొనలేదు. వారును లేవవలెను, వారును ఆ పంక్తిలో కూర్చుండవలెను, లేనిచో రాజ్యము వచ్చినట్లు కాదు అని దాని పట్టుదల.

ఇది ఋజువు చేయదగినది కాదు. పౌలు దానిని దాచలేదు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పదునైదవ అధ్యాయములో, మృతులు లేవనిచో తన బోధ వ్యర్థమని, నమ్మినవారు అందరికన్న దీనులని అతడే ఒప్పుకొన్నాడు. క్రీ. శ. 55 ప్రాంతమున, ఓడరేవు పట్టణమున, దాసులును కూలివారును ఎక్కువగాగల ఒక చిన్న సంఘమునకు వ్రాసిన ఉత్తరమది. ఉన్నత తరగతులలో ఫీడోను, గీతలోని రెండవ అధ్యాయమును చెప్పు ఉపాధ్యాయులు ఆ ఉత్తరమును కూడ వాటి ప్రక్కన ఉంచి, ఆ వాక్యమును వదలకుండ చదివి వినిపింపవచ్చును. పిల్లలు అడుగు ప్రశ్నలు ఆనాడు కొరింథులో అడిగినవే అగును: చచ్చినవారు ఎట్లు లేతురు? ఏ శరీరముతో వత్తురు?